చెవి వెనకాల

మా ఊళ్లో ఎండ చుట్టంలా వస్తుంది,
కోటు విప్పకుండానే లేచి వెళ్లిపోతుంది.
మిగతా రోజులన్నీ సముద్రపు మంచే.
చేపల షెడ్ల మీదుగా పాకి వచ్చి
నా సెలూన్ అద్దానికి ముక్కు ఆనించి నిలబడుతుంది.
ఫ్రేజర్‌బరోలో ఇరవై ఆరేళ్లుగా జుట్టు కత్తిరిస్తున్నాను.
ఎవరి నెత్తిన ఎన్ని సుడులో
వాళ్ల తల్లులకన్నా నాకే బాగా తెలుసు.

మోర్వెన్ శనివారాలు వచ్చేది,
రాలిన జుట్టు ఊడ్చడానికి.
పదిహేడేళ్లు. రాగితీగల తల.
మొహం నిండా జాజికాయ పొడి రాల్చినట్టు చుక్కలు.
కాళ్లు చూసి బడిలో పాలసీసా అనేవాళ్లట.
జూన్‌లో వీడ్కోలు డాన్సు,
వీపు లేని ఆకుపచ్చ గౌను.
"ఈ వీపుతో ఎలా వెళ్లను?"
వీపుకేం, వెన్నలా ఉందన్నాను.
"అదే కదా నా బాధ."

అక్కడితో నేను ఊరుకోవలసింది.

గల్లాపెట్టె కింద అట్టపెట్టె.
లాక్లన్ వ్యానులో తెచ్చి దించేవాడు.
ఎక్కణ్ణుంచని నేనడగలేదు, అతను చెప్పలేదు.
బొటనవేలంత సీసాలు, ముక్కులోకి కొట్టుకునేవి,
పీచ్ పండు వాసన.
చీటీ మీద కొబ్బరిచెట్టు ఉంది,
చేసినవాడి పేరు లేదు.
మా రేవులో చచ్చిన చేపకి కూడా చీటీ ఉంటుంది:
ఏ పడవ, ఏ తేదీ, ఎవరి వల.

సీసా పాతిక పౌండ్లు.
అందులో ఐదు నావి.

మొదటి వారం వెనకగదిలో
సింకు పట్టుకుని వాంతి చేసుకుంది.
మొహం కుంపటైంది.
అల్లం బిస్కెట్ చేతిలో పెట్టి
"అలవాటైపోతుందట" అన్నాను.
ఆ "అట" వెనక ఎవరూ లేరు.
నేనే.

మూడో వారానికి రంగు తేలింది,
ఎండ మొహం చూడని చామనఛాయ.
చుక్కలు మాత్రం అంతకుముందే నల్లబడ్డాయి.
"చూశావా, పని చేస్తోంది!" అంది.
నేను చప్పట్లు కొట్టాను.
డాన్సు ఫోటో అద్దం పక్కన అంటించాను.
అది చూసి ఇంకో నలుగురు కొన్నారు.

ఆగస్టులో, అబర్డీన్ కాలేజీకి వెళ్లే ముందు,
పొట్టిగా కత్తిరించమంది.
దువ్వెనతో పాయ తీశాను.
కుడిచెవి వెనకాల,
ఏ అద్దంలోనూ పడని చోట,
కత్తెర పట్టినవాళ్లకే తెలిసే చోట

పుట్టుమచ్చ, అనుకోబోయాను.

పుట్టినప్పటిది కాదు కదా.
ఆరేళ్లప్పుడు మొదటిసారి కత్తిరించిందీ నేనే,
అప్పుడు లేదు.
ఏప్రిల్లో కొసలు తీసినప్పుడూ లేదు.
అంచులు చిరిగిన మచ్చ,
ఒకవైపు బొగ్గు, ఒకవైపు కమిలిన నీలం.
ఇది కొన్న మచ్చ.
ఎవరి దగ్గర కొన్నదో
నా చేతులకే ముందు తెలిసింది.
కత్తెర కింద పెట్టాను.
అద్దంలో ఆమె ఇంకా నవ్వుతోంది,
"ఏమైంది?"

సీసా వల్లేనని చెప్పలేమంది డాక్టరు.
కాదనీ చెప్పలేమంది.
అందులో ఏముందో తెలిస్తే కదా.
గోరంత ముక్క కోసి పంపారు.
ఉత్తరం రావాలి.

మిగిలిన ఏడు సీసాలు సింకులో వంపబోయాను.
ఆ నీళ్లు పోయేది సముద్రంలోకి, చేపల్లోకి.
చేతులు ఆగిపోయాయి.
పిల్లల విషయంలో ఆగని చేతులు.

శనివారం మోర్వెన్ వచ్చింది,
చెవి వెనక ప్లాస్టరుతో.
ఊడుస్తూ, తలెత్తకుండా అడిగింది,
"సీసాకి నీకెంత మిగిలేది?"
"ఐదు."
నా కుర్చీ చుట్టూ చాలాసేపు ఊడ్చింది,
అక్కడ ఒక్క వెంట్రుకైనా లేదు.

నోటుపుస్తకంలో పదముగ్గురి పేర్లున్నాయి.
తలుపు తలుపూ తడుతున్నాను,
రండి, డబ్బులొద్దు, ఊరికే కత్తిరిస్తానని.
వచ్చినవాళ్లని తల వంచమంటాను.
పాయ పాయా విడదీసి చూస్తాను.
మెడ, చెవులు, సుడి చుట్టూ.
"ఇంత మెల్లగానా?" అని విసుక్కున్నాడో కుర్రాడు.
అవునన్నాను.

ఇష్‌బెల్ ఇంకా రాలేదు.
తను మూడు సీసాలు కొంది.